అరచేతిలో టీ చుక్క

ఎవరికి టీ ఇవ్వాలన్నా ఆదిలక్ష్మమ్మ ముందుగా తన అరచేతిలో ఒక చుక్క వేసుకునేది. గరిటె అంచు నుంచి చుక్క జారేది. చేతిని దొప్పలా వంచి, నాలుక కొసతో అందుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. ఆ తరువాతే గ్లాసు ఆమె చేయి దాటేది. ఏళ్ల తరబడి వేడి తగిలి అరచేతి మధ్య తోలు మొద్దుబారింది. అక్కడ పావలా అంత మచ్చ పడింది.

మారికుప్పం స్టేషన్ బయట ఆమె కొట్టు. కొట్టంటే నాలుగు కర్రలు, ఒక రేకు, ఒక గ్యాస్ పొయ్యి, తాళం వేసుకునే ఒక చెక్కపెట్టె. బెంగుళూరుకు పోయే తొలి రైలు ఎక్కేవాళ్లు ఇంకా నిద్ర వదలని ముఖాలతో వచ్చి దాని ముందు నిలబడేవాళ్లు. బంగారు గనులు మూతపడ్డాక ఆ ఊరి మగవాళ్లూ ఆడవాళ్లూ పని కోసం రోజూ అంత దూరం పోయి వస్తున్నారు.

వాళ్లలో శశికుమార్ ఒకడు. ఏదో ఆఫీసులో వాచ్‌మన్. రోజూ అదే మాట అనేవాడు.

"ఏమమ్మా, దినామూ ఫస్టు టీ నువ్వే తాగేస్తే మాకు మిగిలేది యాడ?"

"నీళ్లు దినానికొక తీరుగా ఉండాయప్పా. ట్యాంకరోడు ఏ బోరులోంచి తెచ్చినాడో వాడికే తెలీదు. నా నాలుక్కి తెలుస్తాది. నోరు మూసుకోని తాగు."

"నోరు మూసుకుంటే ఎట్ల తాగేదమ్మా?"

పక్కనున్నవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె మాత్రం నిజమే చెప్పింది. ఒకప్పుడు బేతమంగళ చెరువు నీళ్లు గొట్టాల్లో వచ్చేవి, ఏడాది పొడవునా ఒకటే రుచి. ఇప్పుడు ట్యాంకరు నీళ్లు ఒకరోజు ఉప్పగా, ఒకరోజు చప్పగా ఉంటాయి. చక్కెర ఒకరోజు చెంచా నిండుగా పడాలి, ఒకరోజు తక్కువగా పడాలి. ఆ లెక్క ఆమె నాలుకది. తన కళ్లనూ చెవులనూ ఆమె అంతగా నమ్మేది కాదు. నాలుకను నమ్మేది.

ఆమె భర్త నంజుండప్ప. అతని తాత పుంగనూరు దగ్గర పల్లె నుంచి గనుల పనికి వచ్చాడు. తాత, తండ్రి, కొడుకు, ముగ్గురూ భూమి లోపలే బతికారు. పెళ్లై వచ్చిన కొత్తలో ఆదిలక్ష్మమ్మ షిఫ్టు వదిలే వేళకు గని గేటు దాకా వెళ్లి నిలబడేది. మనుషుల్ని గనిలోకి దింపి పైకి తెచ్చే ఇనుప బోను, కేజ్, పైకి వచ్చేది. అందులోంచి మగవాళ్లంతా ఒకే రంగు ముఖాలతో దిగేవాళ్లు. ఎవరు ఎవరో తెలిసేది కాదు. అందరికీ ఒక బుగ్గ ఉబ్బి ఉండేది. పైకి రాగానే ప్రతివాడూ ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. గొంతులో చిక్కిన రాతిదుమ్మును బెల్లం పట్టుకుని కిందికి దింపేస్తుందని వాళ్ల నమ్మకం. నిజమా కాదా అని ఎవరూ అడగలేదు. తాతలు వేసుకున్నారు, వీళ్లూ వేసుకున్నారు. నంజుండప్ప అన్నం క్యారియరు పక్కన కాగితంలో బెల్లం చుట్టి పెట్టే పని ఆదిలక్ష్మమ్మది. ఉబ్బిన బుగ్గతో నవ్వుతూ ఎవడు తన వైపు నడిచి వస్తే వాడు తన మొగుడు.

గని మూతపడింది. నంజుండప్ప తన గని టోపీ ఒక్కటి ఇంటికి తెచ్చుకుని గోడకు కొట్టిన మేకుకు తగిలించాడు. కొన్నేళ్లు బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చున్నాడు. అప్పుడే షుగర్ వచ్చింది. మొదట మాత్రలు. తరువాత కాలి మడమ మీద పుండు. అది ఎంతకీ మానలేదు. ఉద్యోగం మాని ఇంట్లో కూర్చున్నాడు. పోయిన ఏడాది ఇన్సులిన్ సూది మొదలుపెట్టారు.

సూది వేయడం ఆదిలక్ష్మమ్మ నేర్చుకుంది. నేర్పిన నర్సు ఇంకొక మాట కూడా చెప్పింది. సూది వేశాక తిండి మానకూడదు. చేతులు వణికి, చెమటలు పడితే షుగర్ మరీ పడిపోయినట్టు. వెంటనే నాలుగైదు చెంచాల చక్కెర నోట్లో పోయాలి. ఆదిలక్ష్మమ్మ ఆ మాటను పొల్లు పోకుండా గుర్తుంచుకుంది.

కూతురు గంగ కాపురం కూడా గనివాళ్ల ఇళ్ల వరసల్లోనే, పక్క లైన్లో. మాలూరులో ఒక ఫ్యాక్టరీకి రోజూ రైల్లో పోయి వస్తుంది. నంజుండప్పకు చప్పటి టీ దిగదు. గ్లాసు ముందు పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ముఖం పెట్టేవాడు. అది చూడలేక గంగ ఒకరోజు మాలూరులో మందుల షాపు నుంచి ఒక చిన్న తెల్ల డబ్బా తెచ్చింది. పైన నొక్కితే టిక్కుమని ఒక మాత్ర రాలుతుంది. ఆవగింజ కన్నా కొంచెం పెద్దది.

"ఇదేందే, ఎలుకల మందు మాదిరి ఉండాది?" అన్నాడు నంజుండప్ప.

"షుగర్ ఉండేవాళ్లు చక్కెర బదులు వేసుకుంటారు నాయనా. ఒక మాత్ర ఒక చెంచా చక్కెరకు సమానం. డబ్బా మీద వేసినారు చూడు. మా సూపర్‌వైజరు కూడా ఇదే వేసుకుంటాడు."

ఆదిలక్ష్మమ్మ టీ కాచి ఒక మాత్ర వేసి తిప్పింది. అరచేతిలో చుక్క వేసుకుంది. తీపి. చక్కెర తీపే. మింగిన తరువాత మాత్రం నాలుక వెనక ఏదో మిగిలింది.

"కొసన ఒక రవ్వ చేదు ఉండాదే," అంది.

"నీకు అన్నిట్లో చేదే కనిపిస్తాది, ఇట్లియ్యి," అని నంజుండప్ప గ్లాసు లాక్కున్నాడు. తాగాడు. చాలా రోజుల తరువాత అతని ముఖం విప్పారింది.

ఆ రోజు నుంచి ఆదిలక్ష్మమ్మ ఇంట్లో చక్కెర లేకుండా చేసింది. చక్కెర డబ్బాను కడిగి, ఆరబెట్టి, అందులో కందిపప్పు పోసింది. కొట్టుకు కొనే చక్కెర కొట్టులోనే పెట్టెలో పెట్టి తాళం వేసేది. బెల్లం మానేసింది. తానూ ఇంట్లో మాత్ర టీయే తాగేది. మొగుడు ఒక్కడే పథ్యం చేస్తే వాడికి చెడ్డగా ఉంటుందని ఆమె అనుకుంది.

మాత్రలు వాటి పని అవి చేశాయి. కొన్ని నెలలకు షుగర్ తగ్గింది. మడమ మీద పుండు ఎండి పొరలు కట్టింది. డాక్టరు నంజుండప్ప కాలు పట్టుకుని చూసి, ఇట్లే ఉండాలి అన్నాడు. ఆదిలక్ష్మమ్మ ఆ మాట లైనంతా చెప్పుకుంది.

"ఇంగ చీమలు కూడా మా ఇంట్లోకి రావు తాయమ్మా," అనేది పక్కింటావిడతో. "ఆయప్ప తాగిన గ్లాసు అట్లే గట్టు మీద ఉండినా ఒక చీమ ముట్టదు. ఇల్లు అద్దం మాదిరి ఉండాది."

తరువాత ఒకరోజు గోడ మీద చీమల బారు కనిపించింది. గడప మూల నుంచి పైకి ఎక్కి మేకు దాకా పోతోంది. ఆమె టోపీ దించింది. లోపలి పట్టీ వెనక కాగితం పొట్లం. పొట్లంలో బెల్లం.

నంజుండప్ప మంచం మీద కూర్చుని ఉన్నాడు. పట్టుబడ్డ దొంగలా నవ్వాడు.

"ఎన్నాళ్ల నుంచి ఈ భాగోతం?"

"ఊరికే అట్ల పెట్టుకున్నాలే."

"ఊరికే పెట్టుకునేదానికి ఇది దేవుడి పటమా? కాలు మానింది కదా, ఇంగ కొవ్వెక్కింది నీకు. నేను తెల్లారకముందే లేసి ఊరికంతా టీ పోసి వస్తే, నువ్వీడ బెల్లం మేస్తా కూర్చున్నావా?"

"అది రుచికి కాదే లక్ష్మీ."

"మరి దేనికి? ఇప్పుడు ఏ గనిలోకి దిగినావు, గొంతులో దుమ్ము పడేదానికి?"

నంజుండప్ప తన చేతుల వైపు చూసుకున్నాడు. "సరేలే, పారెయ్యి. నోరు మాత్రం పారేసుకోవద్దు," అన్నాడు.

ఆమె పొట్లం తీసుకుపోయి తాయమ్మ ఆవుకు పెట్టింది. ఆవు కాగితాన్ని కూడా నాకింది. ఖాళీ టోపీని మళ్లీ మేకుకు తగిలించింది. ఆమెకు కోపం నిజంగా లేదు. అతన్ని ఇంకా చాలా ఏళ్లు బతికించుకోవాలి. అంతే.

అదే వారం ఆదివారం నాటి మాట. ఆదివారం రైళ్లలో జనం ఉండరు. కొట్టు తెరవదు. ముందు రోజు సాయంత్రం నుంచి నంజుండప్పకు కడుపు బాగాలేదు. రాత్రి ఏమీ తినలేదు. పొద్దున ఆమె ఎప్పటిలాగే సూది వేసింది. రాగి అంబలి కాచి ముందు పెట్టింది.

"కొంచేపు తాళి తాగుతాలే," అన్నాడు.

"సూది వేసినాక తాళేది లేదు. తాగు."

"తాగుతానన్నాను కదమ్మా తల్లీ."

రెండు గుక్కలు తాగి పక్కన పెట్టాడు. ఆమె వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. లోపలి నుంచి పిలుపు వినిపించింది.

"లక్ష్మీ."

ఆ గొంతు అతనిదిలా లేదు. ఆమె తడి చేతులతో లోపలికి వచ్చింది. నంజుండప్ప చొక్కా వీపుకు అతుక్కుని ఉంది. నుదుటి మీద చెమట. అతను చెయ్యి ఎత్తి గోడ వైపు చూపించాడు.

"బెల్లం," అన్నాడు.

"ఇంగా అదే యావా నీకు? ఆవుకు పెట్టేసినాను కదా," అని ఆమె నవ్వబోయింది. అప్పుడు ఎత్తిన చెయ్యి కనిపించింది. అది వణుకుతోంది.

నర్సు మాట గుర్తొచ్చింది. పొల్లు పోకుండా గుర్తొచ్చింది. వణుకు, చెమట, నాలుగైదు చెంచాల చక్కెర. ఆమె వంటింట్లోకి పరిగెత్తి చక్కెర డబ్బా మూత తీసింది. కందిపప్పు.

పక్కనే తెల్ల డబ్బా ఉంది. ఒక మాత్ర ఒక చెంచాకు సమానం. ఆమె చేతులు తడబడలేదు. టీ నీళ్లు పొయ్యి మీదే ఉన్నాయి. డబ్బా నొక్కింది. నాలుగైదు అన్నారు కదా, ఇంకొకటి ఎక్కువే పడనీ అని ఆరు వేసింది. తిప్పింది. అంత తొందరలోనూ అరచేతిలో చుక్క వేసుకుంది. నాలుకకు తగిలించింది. తీపి. వెగటు పుట్టేంత తీపి. ఆమెకు ధైర్యం వచ్చింది.

అతని తలను తన భుజానికి ఆనించుకుని తాగించింది. కొంత మీద ఒలికింది. చాలా వరకు తాగాడు.

"తియ్యగా ఉండాదా?"

"ఉండాది," అన్నాడు.

వణుకు తగ్గలేదు. ఆమె ఇంకొక గ్లాసు కలిపింది. మళ్లీ చుక్క వేసుకుంది. మళ్లీ తీపి. అది కూడా తాగించింది. కొద్దిసేపటికి అతని చేతులు నెమ్మదించాయి. కళ్లు మూతపడ్డాయి. తల ఆమె భుజం మీద బరువెక్కింది. చక్కెర పని చేసింది అనుకుంది. రాత్రంతా నిద్ర లేదు, పడుకోనీ అనుకుంది. మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. గ్లాసులు తీసుకుపోయి చప్పుడు కాకుండా కడిగింది. మిగిలిన బట్టలు కూడా మెల్లగానే ఉతికింది. బండకేసి కొట్టలేదు.

ఎండ వాకిట్లోకి వచ్చాక గంగ వచ్చింది.

"నాయన ఏడమ్మా?"

"ష్... నిద్ర పోతా ఉండాడు. లేపొద్దు."

గంగ లోపలికి వెళ్లింది. తండ్రి నోటి పక్కన నురుగు చూసింది. భుజం పట్టి ఊపింది. తరువాత ఆమె పెట్టిన కేక లైను చివరి ఇంటి దాకా వినిపించింది.

ఆసుపత్రిలో నర్సు అతని వేలు గుచ్చి చూసింది. చూసి గబగబా చేతికి గ్లూకోజు సీసా ఎక్కించింది. చిన్న వయసు పిల్ల. అన్నీ అమర్చాక అడిగింది.

"షుగర్ పడిపోయిందమ్మా. వణికినప్పుడు ఏమైనా ఇచ్చినారా?"

"ఇచ్చినానమ్మా. టీలో ఆరు చెంచాలు వేసి ఇచ్చినా. రెండు తూర్లు ఇచ్చినా."

"ఆరు చెంచాల చక్కెరా?"

ఆదిలక్ష్మమ్మ కొంగు ముడి విప్పింది. వచ్చేటప్పుడు ఎందుకైనా మంచిదని తెల్ల డబ్బా ముడి వేసుకుని వచ్చింది. నర్సు దాన్ని చేతిలోకి తీసుకుంది. దాని మీద అచ్చువేసింది చదివింది.

"అమ్మా, ఇందులో చక్కెర లేదు."

"తియ్యగా ఉండాది కదమ్మా. నేను రుచి చూసే ఇచ్చినా."

"తీపి నాలుక వరకేనమ్మా. షుగర్ ఎక్కువ ఉన్నోళ్లకు ఇది మంచిదే. పడిపోయినప్పుడు మాత్రం రక్తానికి ఇది వట్టి నీళ్లే."

నర్సు గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఆ మాట నేరుగా లోపలికి దిగింది. ఆదిలక్ష్మమ్మ తన అరచేతి వైపు చూసుకుంది. గోడకు ఆనుకుని నిలబడ్డ గంగ ముఖం తిప్పుకుంది. డబ్బా తెచ్చింది తను. టీ కలిపింది అమ్మ. ఆ తరువాత ఎప్పుడూ వాళ్లిద్దరూ దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

నంజుండప్ప షుగర్ మళ్లీ పెరిగింది. కళ్లు మాత్రం తెరవలేదు. మెదడు చాలాసేపు ఆకలితో ఉండిపోయింది అన్నాడు డాక్టరు. ఆకలి అన్న మాట దగ్గరే ఆదిలక్ష్మమ్మ ఆగిపోయింది. తరువాత డాక్టరు ఏం చెప్పాడో ఆమెకు వినిపించలేదు. కొన్ని రోజులు అతని పక్కన కూర్చుంది. నర్సులు ముక్కు గొట్టంలో ఏదో పోసేవాళ్లు. అది తీపో చప్పనో ఆమె అడగలేదు. ఒక మధ్యాహ్నం అతను పోయాడు.

పెద్ద కర్మ నాడు వాకిట్లో అరటాకు వేశారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ పెట్టాలి. గంగ రాగిముద్ద పెట్టింది, పులుసు పోసింది, ఒక బీడీ కట్ట పెట్టింది. టీ గ్లాసు తెచ్చి ఆకు పక్కన నిలబెట్టి, అమ్మ వైపు చూసింది. అందులో ఏం వేశావని ఆదిలక్ష్మమ్మ అడగలేదు. లోపలికి పోయి, ఆ పొద్దు అంగడి నుంచి తెప్పించిన బెల్లం అచ్చు తెచ్చి ఆకు మధ్యలో పెట్టింది. చిన్న ముక్క కాదు, మొత్తం అచ్చు.

పాండు అక్కడే బండ మీద కూర్చుని ఉన్నాడు. నంజుండప్పతో ఒకే కేజ్‌లో దిగినవాడు, ఒకే కేజ్‌లో పైకి వచ్చినవాడు. బెల్లం అచ్చు చూసి అతని నోరు ఆగలేదు.

"ఇప్పుడు పెట్టినావా వదినా," అన్నాడు.

అన్న వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఆదిలక్ష్మమ్మ అతని ముందుకు వచ్చి నిలబడింది.

"ఏమన్నావు?"

"ఏం లేదు వదినా."

"పాండూ. ఏమన్నావో చెప్పు."

పాండు తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "అన్న ఆ బెల్లం రుచికి తినేది కాదు వదినా. సూది మొదలుపెట్టినాక అప్పుడప్పుడు చేతులు వణికేవంట. వణుకు రాంగానే ఒక పలుకు నోట్లో వేసుకునేవాడు. సరిపోయేదంట. నాకు చూపించి నవ్వినాడు కూడా. ఒరే, గనిలో దుమ్ముకు వేసుకున్నాం, ఇప్పుడు వణుకుకు వేసుకుంటా ఉండా అని."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్పమన్నాను. చెప్తే నువ్వు కొట్టు మూసేస్తావన్నాడు. నువ్వు చీకటితోనే పోతావు కదా. ఆయమ్మ నన్ను కాచుకోని ఇంట్లో కూచుంటే స్టేషన్ జనం ఏం తాగుతారప్పా అన్నాడు."

"అట్లన్నాడా?"

"అట్లే అన్నాడు."

ఆదిలక్ష్మమ్మ ఏడవలేదు. ఇంట్లోకి వెళ్లింది. మేకు మీంచి టోపీ దించి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పట్టీ వెనక వేలు పెట్టింది. వేలికి జిగట తగిలింది. లోపల రెండు చీమలు తిరుగుతున్నాయి. ఖాళీ చేసి ఇన్నాళ్లైనా అవి అక్కడికే వస్తున్నాయి. అటు వంటింటి గట్టు మీద, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన తెల్ల డబ్బా ఉంది. దాని చుట్టూ ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. ఆమె ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని చూసింది. తరువాత ముఖాన్ని టోపీలో పెట్టుకుంది. చెమట వాసన, రాతి వాసన, వాటి అడుగున బెల్లం వాసన. గంగ గుమ్మం దాకా వచ్చి, చూసి, వెనక్కి పోయింది.

మరుసటి పొద్దున ఆదిలక్ష్మమ్మ కొట్టు తెరిచింది.

పెట్టె తాళం తీసింది. పొయ్యి వెలిగించింది. పాలు పొంగాయి, టీ మరిగింది. తొలి రైలుకు జనం వచ్చారు. ఈసారి శశికుమార్ తన పాత మాట అనలేదు. ఊరికే చెయ్యి చాచాడు.

ఆమె గరిటె ఎత్తింది. చెయ్యి తనంతట తానే దొప్పగా వంగింది. చుక్క అరచేతి మచ్చ మీద పడింది. ఆమె దాని వైపు చూసింది. అది అక్కడే చల్లారింది. ఆమె చేతిని చీరకు తుడుచుకుని, గ్లాసు నింపి ఇచ్చింది.

శశికుమార్ ఒక గుక్క తాగి ఆగాడు.

"అమ్మా, చక్కెర వెయ్యలేదు."

ఇన్నేళ్లలో ఆ కొట్టు దగ్గర ఆ మాట ఎవరూ అనలేదు. ఆమె గ్లాసు వెనక్కి తీసుకుంది. చక్కెర వేసి తిప్పి ఇచ్చింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు సరిగా ఉండాది."

"నిజంగానా?"

"నిజంగానేనమ్మా."

ఆమె తల ఊపింది. వెనక జనం ఎదురుచూస్తున్నారు. ప్లాట్‌ఫారం మీద రైలు కూత పెట్టింది. శశికుమార్ గ్లాసు ఖాళీ చేసేదాకా ఆమె గరిటె పట్టుకుని అతని చేతుల వైపే చూస్తూ నిలబడింది.